పత్తి రైతుల సంఘం వార్షిక నివేదిక: 2025-26

గౌరవ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారం.

నిరుడు ఇదే సభలో నివేదిక చదువుతుంటే వెనక వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన లేచి, "పరిశోధన, పరిశోధన అంటారు. అది మా చేను గట్టు దాకా ఎప్పుడొస్తుందో చెప్పండి" అన్నారు. అప్పుడు మా దగ్గర జవాబు లేదు. ఈ ఏడాది మేము చేసిన పనుల్లో ఎక్కువ భాగం ఆ ప్రశ్న చుట్టూ తిరిగినవే. కొన్ని ఫలించాయి, కొన్ని బెడిసికొట్టాయి. రెండూ రాస్తున్నాం.

వానల గురించి రాయనక్కర్లేదు. ఆగస్టులో మన ఆదిలాబాద్ చేలలో నీళ్లు నిలవడం, అక్టోబరు చివర తుఫాను ముసురుకు విచ్చిన పత్తి చెట్టు మీదే తడవడం అందరం చూసినవే.

దగ్గర సాళ్ల ఎకరాలు

నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ కొన్నేళ్లుగా చెబుతున్న అధిక సాంద్రత పద్ధతిని పదకొండు మంది సభ్యులు తలా ఒక ఎకరంలో వేసి చూశారు. మనలో చాలామంది అటూ ఇటూ గుంటక తోలడానికి వీలుగా సాలుకూ సాలుకూ, మొక్కకూ మొక్కకూ 90 సెంటీమీటర్లు వదులుతాం. అలా ఎకరానికి ఐదు వేల మొక్కలు పడతాయి. కొత్త పద్ధతిలో సాళ్ల మధ్య అదే 90, మొక్కల మధ్య మాత్రం 15. లెక్క వేస్తే ఎకరానికి ముప్పై వేలు. మొక్కకు కాయలు తక్కువే ఉంటాయి, కానీ మొక్కలు ఎక్కువ. కాయంతా దాదాపు ఒక్కసారే పక్వానికి వస్తుంది కాబట్టి డిసెంబరుకల్లా చేను ఖాళీ అవుతుంది. మన దేశంలో హెక్టారుకు సుమారు 450 కిలోల దూది వస్తుంటే బ్రెజిల్ రైతు మూడు రెట్లకు పైనే తీస్తున్నాడంటే, దాని వెనక ఉన్న కారణాల్లో ఈ మొక్కల లెక్క ఒకటి.

చల్క నేలల్లో వేసినవారి చేలు చూడముచ్చటగా వచ్చాయి. నల్లరేగడిలో వేసినవారి సంగతి వేరు. ఈ పద్ధతిలో మొక్క పొడవు పెరగకుండా గూడ (పూమొగ్గ) వేసే దశలో మెపిక్వాట్ క్లోరైడ్ మందు కొట్టాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే వాన పట్టుకుంది. చేలో కాలు పెడితే మోకాలి దాకా దిగబడుతుంటే మందు కొట్టేదెవరు? చెట్లు ఛాతీ ఎత్తు లేచి ఒకదానిలోకి ఒకటి అల్లుకున్నాయి. కింది కొమ్మలకు వెలుతురు అందక గూడ రాలింది, నిలిచిన కాయల్లో కుళ్లు పట్టింది. తేలిక నేలలకే ఇది బాగా నప్పుతుందని ముందే విన్నాం. విని కూడా రేగడిలో వేయించడం కార్యవర్గం తొందరపాటు. ఆ సభ్యులకు మేము బాకీ పడ్డాం.

విత్తనం ఖర్చు ఇంకో చిక్కు. రెండు ప్యాకెట్లతో సరిపెట్టుకునే ఎకరానికి అంతకు రెట్టింపు పైనే కావాలి, 2025-26 సీజనులో ప్యాకెట్టు 901 రూపాయలు. మిగతా పత్తి దేశాలు చాలావరకు సూటి రకాలు, అంటే పండిన పంట గింజనే మళ్లీ విత్తుకోగలిగే రకాలు వేస్తాయి. మనం హైబ్రిడ్లు వేస్తాం. 1970లో సూరత్ పరిశోధన కేంద్రం నుంచి సి.టి. పటేల్ తెచ్చిన హెచ్-4 ప్రపంచంలో వాణిజ్యపరంగా సాగైన తొలి పత్తి హైబ్రిడ్. మన దేశానికి అది గర్వకారణమే, కాదనం. కానీ ఆ దారిలో ఇంత దూరం వచ్చాక, ఏటా విత్తనం కొనక తప్పని రైతుకు మొక్కలు ఆరు రెట్లు పెంచమని చెబితే, ముందు తడుముకునేది జేబునే. సూటి రకాల విత్తనం కోసం వరంగల్ పరిశోధన కేంద్రానికీ, గుంటూరు లాం ఫారానికీ ఉత్తరాలు రాయాలని తీర్మానించాం.

ఇంతకీ ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు వచ్చాయని మీరు అడుగుతారు. ఆ అంకె ఈ నివేదికలో లేదు. కొందరు ఏరిన పత్తిని పక్క చేను పత్తితో కలిపేశారు, కొందరు రెండో ఏరుడు తూకం వేయడం మరిచారు, ఒకరు తడి పత్తినే తూచారు. అలాంటి తూకాలను కూడి సగటు తీసి మీ ముందు పెడితే అది నివేదిక కాదు, అబద్ధం. వచ్చే ఏడాది ప్రతి ప్రయోగ ఎకరానికి ఒక సంచీ రంగు, ఒక తూకం పుస్తకం కేటాయిస్తాం.

గులాబీ రంగు పురుగు

2002లో పురుగును చంపే జన్యువు చేర్చిన బీటీ పత్తి వచ్చినప్పుడు, 2006లో రెండు జన్యువుల రకం వచ్చినప్పుడు కాయతొలుచు పురుగుల పీడ వదిలిందనుకున్నాం. గులాబీ రంగు పురుగు రెండింటికీ అలవాటు పడిపోయింది. దీనితో అసలు తంటా ఏమిటంటే, పిల్ల పురుగు లేత కాయలోకి దూరాక ఆ రంధ్రం పూడుకుపోతుంది. పైకి కాయ నిక్షేపంగా కనిపిస్తుంది, లోపల గింజ పోతుంది. అప్పుడు ఎంత ఖరీదైన మందు కొట్టినా ఆకుల మీదే పడుతుంది.

అందుకే ఈసారి మందుల కంటే ముందు లింగాకర్షక బుట్టలు, అంటే ఆడ పురుగు వాసన ఉన్న ఎరతో మగ రెక్కల పురుగులను రప్పించి పట్టేవి కొన్నాం. విత్తిన నలభై ఐదు రోజులకు ఎకరానికి నాలుగు చొప్పున కట్టాం. వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడితే మేలుకోవాలన్నది శాస్త్రవేత్తలు పెట్టిన హద్దు. చాలామంది బుట్టలు కట్టి మరిచారు, అదీ చెప్పుకోవాలి. ఎర మార్చని బుట్ట దిష్టిబొమ్మతో సమానం.

ఒక్క ఇంట్లో మాత్రం ఎనిమిదో తరగతి చదివే అబ్బాయి బడికి వెళ్లేముందు రోజూ బుట్ట విప్పి లెక్కపెట్టి, పాత లెక్కల నోటుబుక్కు వెనక పేజీలో రాశాడు. అక్టోబరులో ఒక వారం అతని అంకెలు ఇవి: 3, 5, 9, 8, 11. మూడో అంకె దగ్గర వాళ్ల నాన్నను పిలిచాడట, ఐదో అంకె రోజు ఆయన మమ్మల్ని పిలిచారు. చేను నాలుగు మూలలూ తిరిగి ఇరవై పచ్చికాయలు కోసి గట్టు మీద కూర్చుని కత్తితో చీల్చాం. మూడింటిలో పురుగు ఉంది. వందకు పది దాటితే మందు కొట్టాలి. ఇక్కడ పదిహేను. ఆ చేలో అప్పటికి గుడ్డి పూలు (పురుగు పట్టి విచ్చుకోని పూలు) ఒక్కటీ మా కంటికి ఆనలేదు. బుట్ట లేకపోతే దీపావళి దాటాక, గుడ్డికాయలు ఏరుతూ తెలుసుకునేవాళ్లం. ఆ నోటుబుక్కు పేజీ నకలు సంఘం గదిలో గోడకు అంటించాం. ఈ ఏడాది సంఘానికి అందిన సమాచారంలో అంత నమ్మదగినది ఇంకొకటి లేదు.

జనవరి తర్వాత కూడా చేను ఉంచి చివరి రెండు ఏరుళ్ల కోసం ఆశపడిన సభ్యులతో కొంత మాటా మాటా అయింది. ఆ నాలుగు కిలోల కోసం పురుగును మరుసటి పంటకు మనమే మోసుకెళ్తున్నాం. పత్తి కట్టెను నేలలో కలిపే యంత్రాన్ని అద్దెకు తెచ్చి కొందరి చేలలో నడిపాం. మిగతావారు యథాప్రకారం తగలబెట్టారు.

తేమ యంత్రం

సంఘం ఈ ఏడాది కొన్న ఒకే ఒక్క పరికరం తేమ కొలిచే యంత్రం. దాని ఖర్చు మీద అభ్యంతరం చెప్పినవారికి లెక్క ఇది. పొడవు పింజ పత్తికి 2025-26 సీజను మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అది తేమ 8 శాతం ఉంటే. ఆపైన ఒక్కో శాతానికి 81 రూపాయల 10 పైసలు కోత. 12 శాతానికి చేరేసరికి చేతికొచ్చేది 7,785 రూపాయల 60 పైసలు. 12 దాటితే మద్దతు ధరే లేదు, బండి తిప్పుకుని ప్రైవేటు వ్యాపారి చెప్పిన రేటుకు తల ఊపాలి. పది క్వింటాళ్ల బండి మీద 8కీ 12కీ తేడా 3,244 రూపాయలు.

నవంబరులో ఒక సభ్యుడి ఇంటి ముందు ఆరబోసిన పత్తిలో యంత్రం సూది గుచ్చితే పైపొర 10 చూపింది. మోచేతి దాకా లోపలికి తోస్తే 15. పక్కనే నిలబడ్డ వాళ్ల తాతగారు యంత్రం వంక చూడనైనా చూడకుండా, కుప్ప అడుగు నుంచి ఒక గింజ తీసి పంటి కింద పెట్టి కొరికారు. "ఇంకా మెత్తగా నలుగుతోంది, టక్కున విరగాలి. రెండు ఎండలు కావాలి" అన్నారు. కుప్ప తిరగేసి రెండు రోజులు ఆరబెట్టాక యంత్రం 9 అన్నది. ఆయన మళ్లీ గింజ కొరికి తల ఊపారు. ఇద్దరికీ ఒకే మార్కులు వేయాలి. కాకపోతే కొనుగోలు కేంద్రంలో పంటి సాక్ష్యం చెల్లదు.

పట్టణంలోని ఒక మిల్లు దగ్గర మన యంత్రం 11 చూపిన బండికి అక్కడి యంత్రం 14 చూపింది. గొడవపడకుండా, మూడు చోట్ల గుచ్చి సగటు తీయమని అడిగాం. 11.5 వచ్చింది, కొన్నారు. ఇంట్లో కొలుచుకుని వెళ్లినవాడు అడగగలడు, అంతే.

మద్దతు ధరకు అమ్ముకోవడానికి కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు, స్లాటు తీసుకోవడం చిన్న ఫోన్లు ఉన్నవారికి పెద్ద పరీక్షే అయింది. సంఘం గదిలో ఇద్దరు డిగ్రీ విద్యార్థులు సాయంత్రాలు కూర్చుని ఆ పని చేసిపెట్టారు. వారికి కృతజ్ఞతలు.

నాగపూర్ ప్రయాణం

జనవరిలో తెల్లవారుజామున బస్సు కట్టుకుని పెన్‌గంగ దాటి నాగపూర్ వెళ్లాం. మరాఠీ మనకు పరాయి భాష కాదు కాబట్టి మాటలకు ఇబ్బంది లేకపోయింది. పరిశోధన చేలు ఉదయం చూశాం. అందరినీ ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం మధ్యాహ్నం చూసిన జిన్నింగు (గింజ నుంచి దూది వేరు చేసే పని) శిక్షణ కేంద్రం. అది ముంబయిలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థకు చెందినది. ఆ సంస్థ 1924లో మాటుంగాలో పుట్టింది. కొత్త రకం పత్తి దారానికి పనికొస్తుందా లేదా అన్నది వడికి చూసి చెప్పడం దాని మొదటి పని. జిన్నింగు రోలర్ల తోలులోని క్రోమియం దుమ్ము కూలీల ఊపిరితిత్తుల్లోకి పోకుండా క్రోమియం లేని రోలర్లు చేసింది కూడా వారే. మన పట్టణం మిల్లుల్లో ఏ రోలర్లు ఉన్నాయో అక్కడ పనిచేసే మన ఆడవాళ్ల కోసమైనా అడగాలి.

మనవాళ్లు రెండు చేల పత్తిని చెరో సంచిలో పట్టుకెళ్లారు. చిన్న జిన్నింగు యంత్రంలో వేసి తూచితే ఒకదానికి వందకు 33 దూది, రెండోదానికి 36. క్వింటాలుకు మూడు కిలోల దూది తేడా! ఆ రెండు చేల పత్తీ మార్కెట్లో ఒకే ధరకు అమ్ముడైంది. రైతుకు గింజతో కలిపి తూకం, మిల్లుకు దూది తూకం. మంచి విత్తనం ఎంచుకున్న రైతు కష్టం ఆ మధ్యలో ఎక్కడో కలిసిపోతోంది. బస్సులో తిరిగొచ్చేటప్పుడు అందరి మాటా దీని గురించే. వచ్చే సీజనుకు దూది శాతం పరీక్షించి, ఒకే రకం పత్తిని సభ్యులంతా కలిపి అమ్మితే మిల్లుతో బేరమాడవచ్చా అన్నది ఈ సభ తేల్చాలి.

యూరియా సంచుల్లో పత్తి ఏరడం ఇకనైనా మానాలి. ఆ సంచి నుంచి ఊడిన ఒక్క ప్లాస్టిక్ పోగు జిన్నింగులో పోదు, వడకడంలో పోదు. చివరికి రంగు అద్దిన గుడ్డ మీద తెల్లటి గీతై కూర్చుంటుంది. ఏరే మహిళలకు ఇచ్చిన నూలు సంచుల్లో సగం ఇళ్లలో బియ్యం పోసుకోవడానికి పోయాయని తెలిసింది. ఈసారి రెండేసి ఇస్తాం.

ఇతర విషయాలు

ఆగస్టు 19 నుంచి డిసెంబరు 31 దాకా పత్తి దిగుమతిపై 11 శాతం సుంకం ఎత్తేయడం సరిగ్గా మన పంట మార్కెట్టుకు వచ్చే వేళకు పడింది. అభ్యంతరం తెలుపుతూ వినతిపత్రం పంపాం, జవాబు రాలేదు. 2025 కేంద్ర బడ్జెట్టులో ప్రకటించిన ఐదేళ్ల పత్తి ఉత్పాదకత మిషన్ కింద ప్రయోగ క్షేత్రాలకు మన సంఘం పేరు కూడా ఇచ్చాం. జమాఖర్చుల పట్టిక గదిలో అతికించాం, ఆడిటు పూర్తయింది.

లింగాకర్షక ఎరలు కావలసినవారు మే నెలాఖరులోగా ఎకరాల లెక్కతో పేరు రాయించాలి. తేమ యంత్రం సంఘం బీరువాలో ఉంది, తాళం కోశాధికారి దగ్గర. తీసుకెళ్లేవారు పుస్తకంలో సంతకం పెట్టి, వాడాక బ్యాటరీ తీసి మరీ తిరిగి ఇవ్వాలి. డిసెంబరులో ఒకరు బ్యాటరీ తీయకుండా ఇవ్వడంతో అది కారి లోపల తుప్పు పట్టింది, బాగు చేయించడానికి వారం పట్టింది. ఆ వారంలో తొమ్మిది బళ్లు కొలత లేకుండానే మార్కెట్టుకు వెళ్లాయి.

కార్యదర్శి