మిల్క్ స్నేక్ పెంపకందారుల సంఘం వార్షిక నివేదిక: శీతాకాల సుప్తావస్థ, ఆపై సంతానోత్పత్తి

గౌరవ సభ్యులకు నమస్కారం.

గడిచిన ఏడాది మన మిల్క్ స్నేక్ (అమెరికా ఖండాలకు చెందిన విషం లేని పాము) సంఘం చేసిన పనుల నివేదికను కార్యవర్గం తరఫున మీ ముందు ఉంచుతున్నాను. సమావేశాలు వేళకు జరిగాయి. కొత్తగా చేరినవారికి గూళ్ల శుభ్రత, ఆహారం, లింగ నిర్ధారణపై శిక్షణ ఇచ్చాము. లింగ నిర్ధారణకు వాడే సలాకను చేయి తిరిగినవారి పర్యవేక్షణలో తప్ప ఎవరూ ముట్టుకోరాదని నిర్ణయించాము. తోక మొదట్లో గాయపడితే ఆ పాము సంతానానికి శాశ్వతంగా పనికిరాకుండా పోవచ్చు.

మిగిలిన చర్చంతా ఒకే అంశం చుట్టూ తిరిగింది. చలికాలపు విరామం, అంటే సుప్తావస్థ నుంచి లేచిన పాములను ఎప్పుడు, ఎలా జత కట్టించాలన్నదే ఆ అంశం. వసంతంలో వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగానికి కారణం అంతకు ముందరి శరత్తులోనే ఉందని కార్యవర్గం అభిప్రాయం. గుడ్లు ఎందుకు వట్టివయ్యాయని అడిగేవారు, పామును చల్లబరిచేనాటికి దాని బరువెంత అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతున్నారు.

చల్లబరచడానికి ముందు

అన్ని పాములూ విరామానికి అర్హమైనవి కావు. ఒంట్లో కొవ్వు నిల్వ లేనివి, పేగుల్లో పరాన్నజీవులు ఉన్నవి, జబ్బు నుంచి అప్పుడప్పుడే కోలుకున్నవి ఆ చలికాలం వెచ్చగానే గడపాలి. అందుకే ఈ ఏడాది నుంచి తూకం, మల పరీక్ష రెండింటినీ నమోదు పుస్తకంలో చేర్చాము. మొదట గొణిగినవారే తరువాత ఆ పుస్తకాన్ని అడిగి తెప్పించుకున్నారు.

చివరి మేత పెట్టాక రెండు మూడు వారాలు మామూలు వెచ్చదనంలోనే ఉంచి, కడుపు పూర్తిగా ఖాళీ అయ్యాకే చల్లబరచడం మొదలుపెట్టాలి. పాము జీర్ణశక్తి బయటి వేడిపై ఆధారపడి ఉంటుంది. అరగని చిట్టెలుక చల్లని కడుపులో కుళ్లుతుంది, పాము ప్రాణం మీదికి వస్తుంది. ఒకవైపు మేత పెడుతూనే మరోవైపు గదిని చల్లబరిచేవారికి ఇంతకంటే గట్టిగా చెప్పడం నాకు తెలియదు.

ఎంత చల్లదనం కావాలన్న దానిపై సభ్యుల మధ్య పెద్ద వాదనే నడిచింది. ఒకప్పుడు మిల్క్ స్నేక్ అంతా ఒకే జాతి, దాని కింద రెండు డజన్ల ఉపజాతులు అనుకునేవారు. 2014లో వెలువడిన జన్యు అధ్యయనం దాన్ని ఏడు జాతులుగా విడదీసింది. ఈ గుంపు కెనడా దక్షిణ భాగం నుంచి దక్షిణ అమెరికా ఉత్తర ప్రాంతాల దాకా వ్యాపించి ఉంది. మంచు కురిసే చోటి తూర్పు మిల్క్ స్నేక్‌కూ, ఉష్ణమండలపు హోండురన్‌కూ ఒకే కొలత సరిపోదు. సమశీతోష్ణ ప్రాంతాల రకాలకు 10 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ మధ్య రెండు మూడు నెలలు సరిపోతుంది. హోండురన్, సినలోవన్ (మెక్సికో రకం) వంటి వాటికి అంతకంటే కొన్ని డిగ్రీలు ఎక్కువగా, తక్కువ కాలం చాలు. హోండురన్ పాములను అసలు చల్లబరచకుండానే గుడ్లు పెట్టించినవారు ఉన్నారు కాబట్టి, ఈ విషయంలో ఎవరినీ తప్పుపట్టదలచుకోలేదు.

విరామంలో పాము పూర్తిగా మొద్దుబారిపోదు. అప్పుడప్పుడు కదులుతుంది, నీళ్లు తాగుతుంది. అందువల్ల నీళ్ల గిన్నె ఎన్నడూ ఎండకూడదు. గూడు చీకటిగా, పొడిగా ఉండాలి. గిన్నె ఒలికి గూటి అడుగున పరిచినది తడిస్తే ఆ చల్లదనంలో ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంటుంది. నోటి వద్ద బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం కనిపిస్తే విరామాన్ని అక్కడితో ఆపి, పామును మెల్లగా వెచ్చబరిచి పశువైద్యుడికి చూపించాలి. బరువు గమనించదగినంత తగ్గినా ఇదే నియమం.

లేపిన తరువాత

తొందరపాటు ఎక్కువగా కనిపించేది ఇక్కడే. ఎన్ని రోజులు పట్టి చల్లబరిచామో అన్ని రోజులూ పట్టి వెచ్చబరచాలి. ముందు నీళ్లు, తరువాత వేడి, ఆ తరువాతే మేత. గూటి వెచ్చని మూల 28, 30 డిగ్రీల మధ్య నిలకడగా ఉన్నాక, మొదటిసారి చిన్న చిట్టెలుకనే పెట్టాలి. అది అరిగి బయటకు వచ్చాక మేత పెంచవచ్చు. ఆడపాముకు ఈ వారాల్లో మామూలు కంటే తరచుగా మేత కావాలి. గుడ్ల సరుకంతా ఆమె ఒంటి నుంచే పోవాలి మరి. మగపాములు ఇదే కాలంలో తిండి మానేసి గూడంతా తిరుగుతుంటాయి. దానికి కంగారు పడి ఫోను చేయనవసరం లేదు.

జత కట్టించడానికి క్యాలెండర్ చూడటం కంటే కుబుసం కోసం కనిపెట్టుకుని ఉండటం మేలు. విరామం తరువాత ఆడపాము మొదటిసారి కుబుసం విడిచాక, చర్మం మీది వాసనతోనే మగపాముకు సంగతి తెలుస్తుంది. అప్పుడు ఆడపామును మగపాము గూట్లోకి చేరిస్తే, అది ఆమె వీపు మీదుగా గడ్డం రాస్తూ పాకుతుంది, మెడను నోటితో పట్టుకుంటుంది, తోకలు పెనవేసుకుంటాయి. మెడ పట్టడాన్ని దాడి అనుకుని విడదీసినవారు ఉన్నారు. భయానికి కారణం లేకపోలేదు. మిల్క్ స్నేక్ సాటి పాములను తినే జాతి. కాబట్టి రెండింటికీ ముందే కడుపు నిండా మేత పెట్టి అరగనివ్వాలి. రెండూ కలిసి ఉన్నంత సేపూ మనిషి అక్కడే ఉండాలి. పని అయిపోగానే వేరు చేయాలి. రాత్రంతా కలిపి వదిలేసే అలవాటును కార్యవర్గం ఒప్పుకోదు. రెండు పాములు పెడితే పొద్దున ఒకటే మిగిలిన సంగతులు పెంపకందారులు అందరూ విన్నవే.

ఒకటి రెండు రోజుల తేడాతో కొన్నిసార్లు జత కట్టిస్తే చాలు. గుడ్లు కట్టాక ఆడపాము ఒళ్లు వెనుక భాగంలో నిండుగా తేలుతుంది, ఎక్కువ సేపు వెచ్చని మూలనే ఉంటుంది, మేత ముట్టదు. గుడ్లు పెట్టడానికి సుమారు వారం, పది రోజుల ముందు మరోసారి కుబుసం విడుస్తుంది. ఆలోగా తడి చేసి పిండిన స్ఫాగ్నం నాచుతో, లోపలికి ఒకే దారి ఉన్న మూతపెట్టె సిద్ధంగా ఉండాలి. లేకపోతే ఆమె నీళ్ల గిన్నెలోనే గుడ్లు పెట్టి, అవి పాడయ్యే అవకాశం ఉంది. కొన్ని గుడ్లు పెట్టాక మిగిలినవి రాకుండా ఆగిపోతే ఒంటిని నొక్కి తీయవద్దు. వైద్యుడి దగ్గరికి వెళ్లండి.

గుడ్లు, పిల్లలు

గుడ్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి. విడదీయకండి, తిరగేయకండి. పైభాగాన పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి అలాగే పొదిగే పెట్టెకు మార్చండి. అందులో పరిచే వర్మిక్యులైట్ (తేమను పట్టి ఉంచే తేలికైన ఖనిజం) తూకంలో ఎంతో నీరూ అంతే కలపడం చాలామందికి కుదిరిన పాళం. అయితే గుప్పిట్లో గట్టిగా పిండినప్పుడు నీటి చుక్క రాలకూడదన్నదే నమ్మదగిన పరీక్ష. 26 నుంచి 28 డిగ్రీల వద్ద సుమారు రెండు నెలల్లో పిల్లలు వస్తాయి. త్వరగా రావాలని వేడి పెంచితే వెన్ను వంకరలతో పుట్టే ప్రమాదం ఉంది. పసుపు రంగులో చిన్నగా, మైనంలా గట్టిగా ఉన్నవి వట్టి గుడ్లు. అనుమానం ఉంటే గుడ్డు వెనుక దీపం పెట్టి ఎర్రని రక్తనాళాలు ఉన్నాయేమో చూడవచ్చు.

పెంకు చీల్చిన పిల్ల తల మాత్రం బయట పెట్టి ఒకటి రెండు రోజులు అలాగే ఉండిపోతుంది. పచ్చసొన పూర్తిగా ఒంటబట్టే దాకా దాన్ని లాగకూడదు. బయటికి వచ్చిన పిల్లలను వెంటనే ఒక్కోదాన్ని విడి డబ్బాలో పెట్టాలి, తోబుట్టువులైనా సరే. మొదటి కుబుసం విడిచాకే మేత. పిల్లలు చాలా సన్నగా పుట్టే తూర్పు మిల్క్ స్నేక్‌తో ఇక్కడే తంటా. అవి బల్లులనే వెతుకుతాయి, అప్పుడే పుట్టిన చిట్టెలుకను పట్టించుకోవు. చిట్టెలుకకు బల్లి వాసన పట్టించి రాత్రి చీకట్లో వదిలితే చాలావరకు తింటాయి. హోండురన్ పిల్లలు పెద్దవిగా పుడతాయి కాబట్టి ఈ బాధ తక్కువ.

వంశ నమోదు

ఈ ఏడాది నమోదు పుస్తకంలో తల్లిదండ్రుల జాతి, రంగు జన్యువులు, గుడ్లు పెట్టిన తేదీ చేర్చడం తప్పనిసరి చేశాము. అల్బినో (నలుపు వర్ణకం లేనిది), అనెరిత్రిస్టిక్ (ఎరుపు వర్ణకం లేనిది) వంటివి తల్లిదండ్రులిద్దరి నుంచీ జన్యువు వస్తేనే బయటపడే అంతర్గత లక్షణాలు కావడం వల్ల, చూడటానికి మామూలుగా ఉండే పాము కూడా వాటిని మోస్తుండవచ్చు. సంకర సంతానాన్ని స్వచ్ఛమైనదని చెప్పి ఇస్తే రెండు తరాలు గడిచాక ఎవరూ సరిదిద్దలేరు. సంకరం చేయడం కంటే దాన్ని దాచడమే పెద్ద తప్పు అన్నది నా సొంత అభిప్రాయం. కార్యవర్గంలో అందరూ దీనితో ఏకీభవించలేదు.

వదిలేయడం గురించి ఒక్క మాట. పెంపకం నుంచి బయటపడిన కాలిఫోర్నియా కింగ్ స్నేక్, మిల్క్ స్నేక్‌కు దగ్గరి బంధువు, స్పెయిన్‌కు చెందిన గ్రాన్ కనేరియా దీవిలో స్థిరపడి అక్కడి స్థానిక బల్లులను తుడిచిపెడుతోంది. గూటి తాళం మనకు అలంకారం కాదు. స్థానిక చట్టం అడిగే అనుమతులు కూడా ఎవరికి వారు చూసుకోవలసిందే.

సభ ఆమోదానికి రెండు ప్రతిపాదనలు. సంఘం ద్వారా పిల్లలను ఇచ్చేవారు, వాటిని ఎవరికి ఇస్తారో జత కట్టించడానికి ముందే రాతపూర్వకంగా చూపాలి. ఒక ఏడాది గుడ్లు పెట్టిన ఆడపాము పోయిన బరువును తిరిగి పుంజుకోకపోతే, మరుసటి ఏడాది ఆమెను జత కట్టించరాదు. అదే ఏడాది రెండోసారి గుడ్లు పెట్టించడానికీ ఇదే నియమం వర్తిస్తుంది. దీనిపై అభ్యంతరాలను ఓటింగుకు ముందు కార్యవర్గానికి తెలపండి. జమా ఖర్చుల పత్రం విడిగా జతచేశాము.

కార్యదర్శి