మేకులు ఉన్నాయి

సంపాదకులకు,

గత ఆదివారం మీ అనుబంధంలో జపాన్ ప్రాచీన ఆలయాల మీద వచ్చిన వ్యాసం చదివాను. హొర్యూజీ గురించి ‘ఒక్క మేకు కూడా వాడకుండా కట్టిన అద్భుతం’ అని రాశారు. ముప్పై ఏళ్ళు పిల్లలకు వడ్రంగం నేర్పినవాణ్ణి. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. మొన్న ఏప్రిల్‌లో ఒసాకాలో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు ఒక రోజంతా ఆ ఆలయంలోనే గడిపాను. అక్కడ మేకులు ఉన్నాయి.

1934లో మొదలైన పెద్ద మరమ్మతుల్లో కట్టడాలను విప్పినప్పుడు పాత మేకులు బయటపడ్డాయి. కొలిమిలో కాల్చి సమ్మెటతో సాగగొట్టినవి, జానెడుకు మించిన పొడవు. వాసాలను దూలాలకు బిగించింది అవే. పదమూడు వందల ఏళ్ళు చెక్కలో ఉండి కూడా గట్టిగానే ఉన్నాయి. కప్పు బరువును మోసేది మాత్రం నిజంగా చెక్కే: స్తంభం తల మీద దిమ్మ, దిమ్మ మీద అడ్డకట్టె, ఒకదాని గాడిలో మరొకటి దిగి కూర్చుంటుంది. కానీ మేకే లేదని వడ్రంగిని పొగిడితే, పక్కనే చెమటోడ్చిన కమ్మరి లెక్కలోంచి పోతాడు.

ఒసాకాలోని తెన్నోజీ స్టేషన్‌లో రైలెక్కితే అరగంట చిల్లర, దిగాక ఇరవై నిమిషాల నడక. మధ్యాహ్నానికల్లా నారా వెళ్ళి తోదాయిజీ ఆలయంలోని మహాబుద్ధుణ్ణి కూడా చూసి రమ్మని మా అమ్మాయి రైలు వేళలు కాగితం మీద రాసిచ్చింది. హొర్యూజీ ప్రవేశ టికెట్టు 2000 యెన్లు అనగానే కొంచెం గొణిగాను కూడా.

ఐదంతస్తుల పగోడా ఎత్తు 32 మీటర్ల పైచిలుకు. శిఖరాన కొడవళ్ళు అమర్చి ఉంటాయి, పిడుగును అడ్డుకోవడానికట! దాని నడిమి స్తంభం 594లో నరికిన మాను అని చెట్టు వలయాలు లెక్కపెట్టి తేల్చారు. షోతోకు యువరాజు 607లో కట్టించిన ఆలయం 670లో కాలిపోయిందని జపాన్ ప్రాచీన చరిత్ర గ్రంథం ‘నిహోన్ షోకి’ చెబుతుంది. ఇప్పుడున్నది ఆ తర్వాత కట్టింది. మరి అంత పాత మాను ఇందులోకి ఎలా వచ్చిందని పండితులు తలపట్టుకున్నారు. నాకది వింతగా తోచలేదు. చేవ గల మాను దొరికితే ఏ వడ్రంగి అయినా దాచుకుంటాడు.

పగోడా ఉత్తరపు ద్వారంలో జాలీ గుండా చూస్తే, లోపలి చీకట్లో బుద్ధుడి నిర్యాణానికి ఏడుస్తున్న శిష్యులు. 711 నాటి మట్టిబొమ్మలు. ఒకడు నోరంతా తెరిచి ఏడుస్తున్నాడు. పక్కనున్న బడిపిల్లలు కూడా కాసేపు మాట్లాడలేదు.

చుట్టు మండపంలో స్తంభాలు నడుము దగ్గర కాస్త ఉబ్బి పైకి సన్నబడతాయి. కొన్నిటికి కింద కుళ్ళిన మేర కోసేసి కొత్త హినోకి (జపాన్ సైప్రస్) చెక్క అతికారు. అతుకు మీద వేలు పెట్టబోయి మానుకున్నాను, ముట్టుకోవద్దని రాసి ఉంటుందేమోనని. కొండకు దక్షిణపు వాలున పెరిగిన చెట్టును కట్టడంలోనూ దక్షిణం వైపే నిలపాలన్నది ఆ ఆలయ వడ్రంగుల పరంపర. ఇటువంటివి మీ వ్యాసంలో ఒక్కటీ లేవు. 1949 జనవరి 26న మరమ్మతుల మధ్యలోనే ప్రధానాలయంలో మంటలు లేచి, మన అజంతాను గుర్తుచేసే కుడ్యచిత్రాలు మాడిపోయాయి. మరుసటి ఏడే వాళ్ళు సాంస్కృతిక సంపద రక్షణకు చట్టం చేసుకున్నారు. దానికీ చోటు దొరకలేదు.

మేకుల మాట సవరించండి. ‘ఒక్క రోజులో ఎనిమిది ఆలయాలు’ అంటూ మీరు వేసిన పట్టిక సంగతి మీ ఇష్టం. ఐదింటికి తలుపులు మూసే వేళకు నేను ఇదే ఆలయపు తూర్పు ప్రాంగణంలో ఉన్న యుమెదోనో అనే ఎనిమిది పలకల మందిరం దాకా కూడా చేరలేదు. రైలు వేళల కాగితం మడత విప్పకుండా జేబులోనే ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత వడ్రంగ బోధకుడు