ఆ మూడు కాసులు అప్పుడే కరిగించకండి

కార్డిఫ్,
ఆదివారం రాత్రి

అమ్మా,

నేను బాగానే ఉన్నాను. జలుబు తగ్గింది. ఇక్కడ నాలుగున్నరకే చీకటి పడిపోతోంది, నువ్వు పంపిన స్వెట్టర్ వేసుకునే కూర్చుని రాస్తున్నాను. ఆఫీసులో పని మామూలే. ప్రాజెక్టు ఇంకో ఏడాది ఉంటుందన్నారు, దాని గురించి టెన్షన్ పడకు.

మొన్న ఫోన్ మధ్యలో పెట్టేసింది కోపంతో కాదు. "వాడు జీతమంతా పాత నాణేల మీద తగలేస్తున్నాడు" అని నాన్న వెనకనుంచి అనడం వినపడింది. ఆ వెంటనే నువ్వు, నాయనమ్మ తాలూకు మూడు కాసులూ ఆచారి గారికిచ్చి చెల్లి పెళ్ళికి గాజులు చేయిస్తాం అన్నావు. రెంటికీ కలిపి ఏం చెప్పాలో నోరు రాలేదు. అందుకే ఉత్తరం. పక్క ఫ్లాట్ వాళ్ళ అత్తగారు శుక్రవారం వైజాగ్ వస్తున్నారు, అక్కడి నుంచి కాకినాడకి కొరియర్ చేస్తానన్నారు. కవర్లో చిన్న భూతద్దం ఉంటుంది, జాగ్రత్త.

ముందు నాన్న మాటకి జవాబు. మూడేళ్ళలో నేను కొన్నవి నాలుగే నాణేలు. ఒక్కటి కూడా క్రెడిట్ కార్డు మీద కొనలేదు. ఇంటికి పంపేది ఏ నెలా తగ్గించలేదు, బ్యాంకు పుస్తకం చూస్తే నాన్నకే తెలుస్తుంది. బయట తిండి మానేసి, బండి కొనకుండా దాచుకున్న డబ్బుతోనే కొన్నాను. పైగా అవి బంగారం. ఒక్కొక్కటి 7.98 గ్రాములు, 22 క్యారెట్లు, అంటే మన 916 బంగారమే. మనం కాసు బంగారం అంటే ఎనిమిది గ్రాములు కదా, ఇంచుమించు అదే బరువు. ఇక్కడ వీటిని సావరిన్ అంటారు. దీని మీద రాసిన విలువ ఒక్క పౌండే అయినా ఈ దేశంలో ఇది ఇప్పటికీ చెల్లుబాటయ్యే డబ్బు కిందే లెక్క, అందుకని అమ్మితే వచ్చే లాభం మీద ఇక్కడ పన్ను ఉండదు. నాన్నకి ఈ ముక్క తప్పకుండా చదివి వినిపించు.

ఒక సంగతి మీకు చెప్పలేదు, ఇప్పుడు చెప్తాను. రెండో నాణెం దగ్గర మోసపోయాను. నాణేల సంతలో ఒకతని దగ్గర 1901 నాటి విక్టోరియా కాసు కొన్నాను, బంగారం విలువ మీద ఇంకో 90 పౌండ్లు ఎక్కువిచ్చి. ఇంటికొచ్చి తూస్తే 7.93 దగ్గర ఆగింది. భూతద్దం పెట్టి అంచు చూస్తే రాణి తల పైభాగాన అంచు మీది గీతలు అరిగి నున్నగా ఉన్నాయి. ఎప్పుడో దానికి కొక్కెం అతికించి గొలుసుకు వేసుకున్నారు, తర్వాత కొక్కెం పీకేసి ఆకురాయితో అరగదీశారు. బంగారంగా చూస్తే నష్టం లేదు. కానీ నాణెంగా చూస్తే దాని విలువ పోయినట్టే. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మీకు చెబితే ఇంకా భయపడతారని చెప్పలేదు. ఇప్పుడు త్రాసు, కొలత పరికరం లేకుండా నాణెం ముట్టుకోను. బరువు, వెడల్పు 22 మిల్లీమీటర్లు, మందం, మూడూ సరిపోవాలి. బరువు సరిచేయాలని తక్కువరకం లోహం కలిపితే మందం పెరిగిపోతుంది, అక్కడే దొరికిపోతారు. నిజమైన బంగారంతో చేసిన నకిలీలు కూడా ఉన్నాయి, 1950ల్లో, 60ల్లో బీరూట్‌లో కొట్టారు. వాటికి తూకం సరిపోతుంది, అక్షరాల అంచులు మాత్రం మెత్తగా, సబ్బు బిళ్ళ మీద అక్షరాల్లా ఉంటాయి. అక్కడ కన్నే పనిచేయాలి.

చెల్లికి చీరలు కొనడం అయిందా? ఆ ఆకుపచ్చది నాకు నచ్చింది, ఫోటోలో రంగు కొంచెం ముదురుగా కనిపించింది.

ఇక ఆ మూడు కాసుల సంగతి. అమ్మా, నా వీసా ఫీజుకి రెండు కాసులు అమ్మిన రోజు నీకు గుర్తుందో లేదో. నాన్నకి జ్వరంగా ఉందని నేనే తీసుకెళ్ళాను. ఆచారి గారు గీటురాయి మీద గీసి చూసి "మంచి బంగారమే బాబూ" అన్నారు. అయినా కరిగించి చూస్తేగానీ లెక్క కట్టనన్నారు. మూసలో రెండూ వేసి, కాస్త వెలిగారం చల్లి, మంట పెట్టారు. మొదట ఏమీ కాలేదు. తర్వాత పైనున్న కాసు ఎర్రబడి, అంచు కొంచెం వంగింది. గుర్రం మీద ఉన్న మనిషి కత్తి పట్టుకున్న చెయ్యి ముందు కరిగింది, తర్వాత గుర్రం మెడ, ఆ తర్వాత బొమ్మే లేదు. చింతగింజంత ముద్ద అయింది. అప్పుడు నాకు వీసా గురించిన ఆలోచన తప్ప ఇంకోటి లేదు. దాని మీద ఏ సంవత్సరం ఉందో కూడా నేను చూడలేదు.

ఇక్కడికొచ్చిన రెండో ఏడు, సెలవు రోజు ఊరికే లాంట్రిసెంట్ వెళ్ళాను. కార్డిఫ్‌కి దగ్గరే. బ్రిటన్ టంకశాల ఇప్పుడు అక్కడే ఉంది. ఒకప్పుడు లండన్‌లో ఉండేది, 1968లో ఇక్కడ మొదలుపెట్టారు. లండన్‌లో చివరిసారి 1975లో కొట్టిన నాణెం కూడా సావరినే. అక్కడ అద్దాల వెనక నాణేలు చూస్తుంటే గుర్రం బొమ్మ కాసు కనిపించింది. నాయనమ్మ వరలక్ష్మీ వ్రతం రోజు పసుపు గుడ్డ విప్పి కలశం ముందు పెట్టేది, అదే. గుర్రం, కింద పాము లాంటి రెక్కల మృగం, మనిషి చేతిలో కత్తి. చిన్నప్పుడు నేను కల్కి అవతారం అనుకునేవాణ్ణి, నాయనమ్మ కూడా కాదనలేదు. ఆయన ఇంగ్లండు వాళ్ళు కొలిచే సెయింట్ జార్జి అనే క్రైస్తవ సాధువు. పిస్ట్రూచి అని ఇటలీ నుంచి వచ్చిన శిల్పి చెక్కిన బొమ్మ, 1817 నుంచి ఉంది. మధ్యలో కొన్నాళ్ళు వేరే బొమ్మలు వేసినా మళ్ళీ దీనికే వచ్చారు. అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆ రోజు నుంచే నాకు ఈ పిచ్చి. పిచ్చి అని నాన్న అంటారు, నేను అనను.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది జాగ్రత్తగా చదువు. పొద్దున వీధి అరుగు మీద వెలుతురు బాగా ఉన్నప్పుడు కూర్చో. కింద మెత్తటి తువ్వాలు పరుచుకో. కాసుని అంచులు పట్టుకునే ఎత్తు, బొమ్మ మీద వేలు పెట్టకు. గుర్రం వైపు తిప్పితే కింద సంవత్సరం ఉంటుంది. ఆ అంకెలకి సరిగ్గా పైన, డెక్కల కింద నేలలా ఒక గీత ఉంటుంది. ఆ నేల మధ్యలో ఆవగింజ కంటే చిన్న ఇంగ్లీషు అక్షరం ఉందేమో చూడు. విక్టోరియా కాసు అయితే ఒక్కోసారి అక్షరం రెండోవైపు రాణి మెడ కింద ఉంటుంది, అక్కడ కూడా చూడు.

ఆ అక్షరమే అన్నిటికన్నా ముఖ్యం. అక్షరం లేకపోతే లండన్‌లో కొట్టింది. ఎస్ ఉంటే సిడ్నీ, ఎమ్ మెల్బోర్న్, పి పెర్త్, సి కెనడాలోని ఒట్టావా, ఎస్‌ఏ ఉంటే దక్షిణాఫ్రికా. ఐ అంటే మన దేశం. అవునమ్మా, బొంబాయి టంకశాలలో కూడా ఇవి కొట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడల్లో బంగారం పంపడం ప్రమాదమైపోయి, అక్కడి బంగారాన్ని అక్కడే నాణేలు చేశారు. ఒక్క 1918 సంవత్సరం పేరు మీదే, సుమారు 13 లక్షలు. మళ్ళీ ఎప్పుడూ బ్రిటిష్ రాజుల కాలంలో అక్కడ ఈ కాసులు కొట్టలేదు.

నేను పోయిన నెల కొన్న నాలుగోది అదే. ఐదో జార్జి తల, వెనక 1918, దాని పైన నిలువు గీతలా ఐ. అది చూసినప్పుడు నాకు ముత్తాత గుర్తొచ్చాడు. రంగూన్ రేవులో పనిచేసి, 1930లో అక్కడ మనవాళ్ళ మీద గొడవలయ్యాక, నడుముకి కట్టుకున్న గుడ్డలో ఈ కాసులతో కాకినాడలో స్టీమరు దిగాడని నాయనమ్మ చెప్పేది కదా. అప్పటిదాకా నాకది కథలాగే ఉండేది, రంగూన్ కూలీకి ఇంగ్లీషు బంగారం ఎక్కడిది అనుకునేవాణ్ణి. కానీ 1899 నుంచి ఈ కాసు మన దేశంలో 15 రూపాయల లెక్కన చట్టప్రకారం చెల్లేది. బర్మా కూడా అప్పుడు మనతో కలిసే ఉంది. కూడబెట్టుకున్నవాడు కాగితం కంటే దీన్నే నమ్ముకుని ఉంటాడు. నాయనమ్మ చెప్పింది నిజమే అమ్మా.

నాన్న ఆశపడకూడదు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. బొంబాయి కాసు దొరికితే మనకేం ఇల్లు రాదు, బంగారం మీద కొంచెం ఎక్కువ పలుకుతుంది, అంతే. అసలు అరుదైనవి వేరే ఉన్నాయి. 1819లో కొట్టినవి నాలుగు వేలు కూడా లేవు. 1917లో లండన్‌లో పది లక్షలు కొట్టినా చాలావరకు యుద్ధం ఖర్చుల కింద అమెరికా వెళ్ళి కరిగిపోయాయి. అదే 1917 సిడ్నీదో పెర్త్‌దో అయితే మామూలే, అక్షరం లేకపోతే మాత్రం కళ్ళకద్దుకుంటారు. నకిలీలు కూడా దానికే ఎక్కువ. 1918కి లండన్ కాసే లేదు, కాబట్టి 1918 ఉండి అక్షరం లేకపోతే అనుమానించాలి. అన్నిటికంటే పెద్దది ఎనిమిదో ఎడ్వర్డ్ కాసు. పెళ్ళి కోసం గద్దె వదులుకున్న రాజు. ఆయన పేరుతో నమూనాలు మాత్రం చేశారు, జనంలోకి రాలేదు. అందులో ఒకటి 2020లో పది లక్షల పౌండ్లకి అమ్ముడుపోయింది. నాణేల మీద ఒక రాజు కుడివైపు చూస్తే తర్వాతి రాజు ఎడమవైపు చూడాలి, ఈయన తన ఎడమ చెంపే బాగుంటుందని ఆ ఆచారం కూడా తప్పించాడు.

నాన్నకి చరిత్ర ఇష్టం కదా, ఇది కూడా చెప్పు. సావరిన్ కంటే ముందు గినీలనే బంగారు నాణేలుండేవి. 1729 నాటి రెండో జార్జి గినీల్లో కొన్నిటి మీద రాజు మెడ కింద ఈ.ఐ.సి. అని ఉంటుంది. ఈస్టిండియా కంపెనీ తెచ్చిచ్చిన బంగారం అని గుర్తు. దాన్ని కొనే తాహతు నాకు లేదు, ఎప్పటికైనా ఒక్కసారి చేతిలో పట్టుకుని చూడాలని ఉంది.

ఒక్క విషయం మాత్రం మర్చిపోవద్దు. కాసులు కడగకు. నీ అలవాటు నాకు తెలుసు, పెళ్ళి అనగానే నగలన్నీ కుంకుడు రసంలో వేసి పాత బ్రష్‌తో తోమేస్తావు. గాజులకి మంచిదే, కాసులకి వద్దు. సన్నటి గీతలు పడి పైనున్న కాంతి చచ్చిపోతుంది, అది మళ్ళీ రాదు. ఆ మృగం రెక్కల సందుల్లో నాయనమ్మ పూజ చేసిన కుంకుమ ఎర్రగా ఉండిపోయి ఉంటుంది. దాన్ని అలాగే ఉంచు.

చెల్లి గాజుల కోసం దిగులు పడకండి. మూడు కాసులంటే 24 గ్రాముల లోపే. అంత బంగారానికి డబ్బు నేను డిసెంబరు జీతం రాగానే పంపుతాను, మాఘమాసానికి టైముంది. అదేదో త్యాగం చేస్తున్నట్టు నాన్న అనుకోనక్కర్లేదు, చెల్లికి నేను పెట్టాల్సిందే అది. అవసరమైతే నా 1901 కాసు ఇక్కడే అమ్మేస్తాను. నేను కొన్నవి మాత్రం పెళ్ళికి వచ్చేటప్పుడు తేను, నాణేలకి ఎయిర్‌పోర్టులో నగల్లా మినహాయింపు ఉండదు, డ్యూటీ కట్టాలి.

ఆచారి గారి మీద నాకేం కోపం లేదు, ఆ రోజు ఆయన పైసా తక్కువివ్వలేదు. అడిగితే నేను నమస్కారాలు చెప్పానను.

నీ మోకాలు ఎలా ఉంది? డాక్టర్ రాసిన మాత్రలు సగంలో ఆపావని చెల్లి చెప్పింది. ఆపకు. మెట్లెక్కి ఆవకాయ జాడీలు దింపే పని నాన్నకి చెప్పు.

భూతద్దం కంటికి దగ్గరగా పెట్టుకుని, కాసుని దాని దగ్గరికి తీసుకురావాలి, అప్పుడే అక్షరం కనిపిస్తుంది. నీకు ఆనకపోతే చెల్లిని చూడమను. మూడిటి సంవత్సరాలూ, అక్షరాలూ ఒక కాగితం మీద రాసి ఫోటో తీసి పంపండి. అర్ధరాత్రైనా సరే, నేను మేలుకునే ఉంటాను.

నీ
చిన్నా