డిగ్రీ చదివినవారికి వైద్యవిద్యలో మరో వాకిలి: కేంద్ర ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రివర్యులకు నమస్కారములు.

నేను బీఎస్సీ మైక్రోబయాలజీ పట్టభద్రురాలిని. ఖమ్మంలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో పనిచేస్తూ, ఇరవై ఏడో ఏట వైద్యవిద్య ప్రవేశపరీక్ష నీట్‌కు మళ్లీ చదువుతున్నాను. 2022లో జాతీయ వైద్య కమిషన్ గరిష్ఠ వయోపరిమితిని తొలగించినందుకు నాలాంటివారు రుణపడి ఉంటారు. అయితే వయసు అడ్డు పోయినా, మూడేళ్లు చదివిన డిగ్రీకి ర్యాంకులో వీసమెత్తు విలువ లేదు. ఆ సంగతే మీకు విన్నవించుకుంటున్నాను.

నీట్‌లో 180 ప్రశ్నలకు 720 మార్కులు. ప్రశ్నలన్నీ ఇంటర్ స్థాయి పాఠాల నుంచే వస్తాయి, వాటిలో 45 ఫిజిక్స్‌వి. జీవశాస్త్రాల డిగ్రీలో చేరినవారిలో చాలామంది ఇంటర్‌తోనే ఫిజిక్స్ పుస్తకం మూసేస్తారు. నేను రాత్రి డ్యూటీలో కఫం స్లైడ్లకు బ్యాక్టీరియాను గుర్తించే గ్రామ్ స్టెయిన్ రంగులు వేసి, వేళ్లకంటిన క్రిస్టల్ వయొలెట్ మరక పూర్తిగా వదలకముందే, ఉదయం నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్ క్లాసులో పదిహేడేళ్ల పిల్లల పక్కన కూర్చుని వాలుతలం మీద జారే దిమ్మె త్వరణం కడతాను. బ్యాక్టీరియా పాఠం వచ్చినప్పుడు వాళ్లు "అక్కా, ఇది చెప్పవా" అంటారు; ఫిజిక్స్ లెక్కల దగ్గర మాత్రం నేనే వాళ్లను అడుక్కోవాలి.

తెలుగు రాష్ట్రాల్లో న్యాయవిద్యకు ఈ చిక్కు లేదు. ఇంటర్ చదివినవారు ఐదేళ్ల కోర్సులో, డిగ్రీ చదివినవారు మూడేళ్ల కోర్సులో లాసెట్ రాసి చేరుతున్నారు. పాలిటెక్నిక్ డిప్లొమా పిల్లలు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదికి వెళ్తున్నారు. అమెరికాలో సాధారణంగా డిగ్రీ అయ్యాకే నాలుగేళ్ల వైద్యవిద్య మొదలవుతుంది. బ్రిటన్‌లో ఐదారేళ్ల కోర్సుతో పాటు పట్టభద్రులకు నాలుగేళ్ల కోర్సులూ ఉన్నాయి.

అలాగని ఇక్కడి నాలుగున్నరేళ్ల ఎంబీబీఎస్‌ను అమాంతం కుదించమని నేను కోరడం లేదు. అనాటమీ మాకూ కొత్తే, డిసెక్షన్ హాలు నుంచి మినహాయింపు అడగడం తెలివితక్కువ. వార్డుల్లో గడపాల్సిన కాలంలో గానీ, ఏడాది ఇంటర్న్‌షిప్‌లో గానీ ఒక్క రోజు తగ్గించకూడదు. కానీ డిగ్రీలో బయోకెమిస్ట్రీ చదివినవారికి మొదటి ఏడాది ఆ సబ్జెక్టులో ముందే పరీక్ష పెట్టి, నెగ్గితే ఆ తరగతుల నుంచి మినహాయించడం కష్టమేమీ కాదు.

ఒక డిగ్రీకి ప్రభుత్వం ఖర్చు పెట్టింది కదా, మళ్లీ మరొకటి ఎందుకని అధికారులు అడగవచ్చు. ప్రశ్న సహేతుకమే. ఇంటర్‌లో ర్యాంకు రాక, లాంగ్‌టర్మ్ ఫీజు కట్టే స్తోమత ఇంట్లో లేక బీఎస్సీలో చేరినవారు ఎందరో. వారు నేర్చుకున్నదాన్ని వైద్యవిద్య లెక్కలోకి తీసుకోకపోతే ఆ ఖర్చు నిజంగానే వృథా అవుతుంది.

కాబట్టి కొన్ని ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ప్రయోగాత్మకంగా, ఇప్పుడున్న సీట్లను తగ్గించకుండా, సైన్స్ పట్టభద్రులకు అదనంగా కొద్ది సీట్లు కేటాయించి, వాటికి డిగ్రీ స్థాయి ప్రవేశపరీక్ష పెట్టే అంశాన్ని పరిశీలించాలని జాతీయ వైద్య కమిషన్‌ను ఆదేశించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. మార్కుల్లో రాయితీ అక్కర్లేదు. మాకు తెలిసిన విషయంలో మమ్మల్ని పరీక్షించండి, చాలు.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక మైక్రోబయాలజీ పట్టభద్రురాలు, ఖమ్మం