మనవాళ్ళ గురించి మనం రాస్తే ఎవరు నమ్ముతారని అడిగావు

ఆత్మకూరు

అమ్మా రేష్మా,

దీవెనలు. నీ పరిశోధనకు మీ గైడు సినాప్సిస్ (ఏం చేయబోతున్నావో చెప్పే చిన్న నివేదిక) అడిగారనీ, ముస్లిమేతర సమాజాల మధ్య బతికే ముస్లింల మీద, అందులోనూ మన జిల్లాలో ఇంట్లో తెలుగే మాట్లాడే మనలాంటి వాళ్ళ మీద చేయాలని ఉందనీ చెప్పావు. ఆ మాట పూర్తి కాకముందే "మనవాళ్ళ గురించి మనమే రాస్తే ఎవరు నమ్ముతారు నాన్నా" అన్నావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఇలా రాస్తున్నా.

చెయ్యమ్మా. వెనకాడొద్దు. ప్రపంచంలో ఉన్న ముస్లింలలో దాదాపు ఐదో వంతు మంది తాము తక్కువమందిగా ఉన్న దేశాల్లోనే బతుకుతున్నారు. వాళ్ళలో పెద్ద భాగం మన దేశంలోనే ఉంది. ఇంతమంది బతుకును ప్రత్యేకంగా చదవాలని పూనుకున్నవాళ్ళలో సయ్యద్ జైనుల్ ఆబిదీన్ ఒకరు. అలీగఢ్‌లో చదువుకున్న మన దేశపు మనిషి. జెడ్డాలో దీనికోసమే ఒక సంస్థ పెట్టి, 1979 నుంచి పరిశోధన పత్రిక నడిపారు. తక్కువమందిలో ఒకడుగా పుట్టి పెరిగినవాడే ఈ చదువుకు చోటు కట్టాడు. నీకెందుకమ్మా సంకోచం?

లోపలి మనిషికి కనిపించేదేందో మీ జేజినాయన సంగతి చెప్తే తెలుస్తుంది. వేసవిలో దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు. ఎవరో ఒకరి పంచలో కూర్చుని కర్రతో నారిని కొడుతుంటే గడ్డకట్టిన పాత దూది పొరలు పొరలుగా విడిపోయేది. సాయంత్రానికి కనుబొమ్మల మీద, చెవుల్లో, మెడ మడతల్లో అంతా నూగు. దబ్బనంతో పరుపు అంచు కుట్టడం మాత్రం ఎవరికీ అప్పగించేవాడు కాదు. చలికాలం రాత్రుళ్ళు ఆయన దగ్గు ఆగేది కాదు. తర్వాత దూదేకే మిషన్లు వచ్చాయి, ఫోం పరుపులొచ్చాయి, విల్లు అటకెక్కింది. దేశంలో ముస్లింల స్థితిగతులు చూడమని కేంద్రం వేసిన సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదికలో ముస్లింలు ఎక్కువమంది స్వయం ఉపాధిలో ఉన్నారని ఉంటుంది, చూడు. ఆ గడిలో మీ జేజినాయన ఉన్నాడు. ఆ దగ్గు, ఆ మిషన్ వచ్చిన ఏడాది ఇంట్లో జరిగిన ఇబ్బంది అందులో లేవు. అవి రాయగలిగింది నువ్వు.

అట్టాగని అంకెలను తీసిపారేయొద్దు. దేశంలో 2001 నాటికి ముస్లింల అక్షరాస్యత 59.1 శాతమనీ, అది దేశపు సగటుకన్నా తక్కువనీ ఆ కమిటీ పక్కాగా చూపించబట్టే మాట్లాడేందుకు ఒక ఆధారం దొరికింది. బడి ఈడు పిల్లల్లో మదరసాలకు వెళ్ళేది నూటికి ముగ్గురో నలుగురో అని కూడా అందులోనే ఉంది. అది చదివి మా స్టాఫ్ రూంలో కొందరు ఆశ్చర్యపోయారు. పక్క బెంచీలో కూర్చుని చదువుకున్నవాళ్ళకే తెలియకపోతే ఇంక దూరంగా ఉన్నవాళ్ళకు ఎట్టా తెలుస్తుంది?

సర్వే అంటే ఉత్త కాగితాల పని అనుకునేవాళ్ళకు మన రాష్ట్రం కథ చెప్పు. 2005లో ముస్లింలందరికీ కలిపి 5 శాతం రిజర్వేషన్ చట్టం తెస్తే హైకోర్టు కొట్టేసింది. వెనకబాటును తేల్చిన పద్ధతి నిలవలేదు. 2007లో మాజీ ఐఏఎస్ అధికారి పి.ఎస్.కృష్ణన్ గారు ఏ సముదాయం ఏ పని చేసుకుని బతుకుతోందో విడివిడిగా చూసి నివేదిక ఇచ్చాక, 14 సముదాయాలకు బీసీ-ఇ (వెనకబడిన తరగతుల్లో ఇ గ్రూపు) కింద 4 శాతం వచ్చింది. అచ్చుకట్లవాళ్ళు, అత్తరు సాయిబులు, గారడీ సాయిబులు, గుడ్డి ఎలుగువాళ్ళు... ఆ జాబితా చదువుతుంటే నా చిన్నప్పుడు మన వీధిలోకి వచ్చిపోయినవాళ్ళంతా వరసగా కళ్ళముందు నిలబడ్డారు. 2010లో మళ్ళీ హైకోర్టు కొట్టేస్తే సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగించింది. మా బడిలో చదివిన పిల్లలు కొందరు ఆ కోటాలో సీట్లు తెచ్చుకున్నారు. సరిగ్గా చేసిన అధ్యయనం ఒక పిల్లవాడి ఫీజు రసీదు దాకా వస్తుందమ్మా.

మన వీధినే తీసుకో. మనం దూదేకులవాళ్ళం, 1970 నుంచీ బీసీ-బి. ఎదురింటి షేక్ వాళ్ళు బీసీ-ఇ. మలుపులో ఉన్న సయ్యద్ వాళ్ళకు అదీ లేదు. ముగ్గురం ఒకే మసీదుకు వెళ్తాం, మూడు రకాల సర్టిఫికెట్లు తెచ్చుకుంటాం. ఇళ్ళలో భాష వేరు, పిల్లనిచ్చి పుచ్చుకోవడం వేరు. ఉర్దూ రాదని మనల్ని చిన్నచూపు చూసినవాళ్ళు మనలోనే ఉన్నారు. మీ అత్త సంబంధం ఒకటి అట్టాగే తప్పిపోయింది, నీకు తెలుసు. అదీ రాయాలి. ఇంటి గుట్టు బయటపెట్టానని ఎవరన్నా అంటే అననీ. ఇంతియాజ్ అహ్మద్ గారు 1970ల్లోనే ముస్లింలలో కులం గురించి, పెళ్ళిళ్ళ గురించి వ్యాసాలు సేకరించి పుస్తకాలు తెచ్చారు. ముందు అవి చదువు.

నెల్లూరు రొట్టెల పండుగ గురించి కూడా జాగ్రత్తగా రాయి. బారాషహీద్ దర్గా, స్వర్ణాల చెరువు, మోకాల్లోతు నీళ్ళలో విద్య రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె మార్చుకునే వేలమంది. ఎవరొచ్చినా ఫోటో తీసుకుని మతసామరస్యం అని ఒక మాట రాసి వెళ్ళిపోతారు. ఆ సామరస్యం నిజం, నేను ఏటా చూస్తున్నా, నాకది ఎంతో ఇష్టం. కానీ నువ్వు అక్కడ ఆగొద్దు. నీళ్ళలో రొట్టె అందుకున్న చేతులు మిగతా ఏడాదంతా ఏం ఇచ్చిపుచ్చుకుంటాయి? అద్దెకు ఇల్లు అడిగితే పేరు విన్నాక ఏమంటారు? వ్యాపారంలో భాగం ఇస్తారా? ఇవన్నీ అడుగు. మంచి జవాబు వస్తే అదీ అంతే వివరంగా రాయి.

పోలండ్, లిథువేనియా వైపు తాతార్లనే ముస్లింలు ఉన్నారు. 14వ శతాబ్దం నుంచీ అక్కడ స్థిరపడ్డారు. సొంత భాష ఎప్పుడో పోయింది, చుట్టుపక్కల వాళ్ళ భాషే వాళ్ళదీ అయింది. ఆ భాషనే అరబ్బీ లిపిలో రాసుకుని మతగ్రంథాలు చదువుకున్నారు. క్రుషినియానీ అనే పల్లెలో వాళ్ళ చెక్క మసీదు ఇప్పటికీ ఉంది. వాళ్ళ గురించి చదివినప్పుడు నాకు ఎక్కడా ఒంటరిగా అనిపించలేదు. భాష పోతే మతం పోయినట్టేనని మనల్ని అన్నవాళ్ళకు ఆ పల్లె చూపించాలనిపించింది. నీ సినాప్సిస్‌లో వీళ్ళకూ మనకూ పోలిక ఒక అధ్యాయం పెట్టగలవేమో మీ గైడును అడుగు.

అమ్మ ఒక మాట రాయమంది. మసీదు పెద్దలను మాత్రమే అడిగి రాసుకుంటే సగం మంది జాడే ఉండదట. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే ఆడవాళ్ళ దగ్గరికి తను తీసుకెళ్తానంటోంది. నారది, బిక్కి కర్రలతో చేస్తారు. కర్ర ఎవరు తెస్తారు, గరిటెకు కూలి ఎంత, డబ్బు ఎవరి చేతికి వస్తుంది, ఆ ఇంట్లో ఆడపిల్ల ఎందాకా చదివింది, అన్నీ వాళ్ళ నోటనే వినొచ్చు. తెలుగులోనే అడుగు, వాళ్ళు ఉర్దూలో చెప్తే అమ్మ అందుకుంటుంది.

సినాప్సిస్ పంపేముందు నాకొకసారి పంపు, ఎర్ర పెన్నుతో దిద్ది ఇస్తా. సెలవులకు వచ్చేటప్పుడు మంచి రికార్డర్ ఒకటి కొనుక్కునిరా, డబ్బులు వేస్తున్నా.

మీ నాన్న