బ్యాలెన్స్ కిరాయికి గడువు పెట్టండి: రోడ్డు రవాణా మంత్రి గారికి ఒక ఓనర్ కమ్ డ్రైవర్ బహిరంగ లేఖ

కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా, నేను విజయవాడ నుంచి సొంత లారీ నడుపుకునే డ్రైవర్ని. ఉన్నది ఒక్కటే బండి. చాలా ఏళ్ళు వేరేవాళ్ళ బండ్ల మీద పనిచేశాను. దాచుకున్న డబ్బుకు ఇంట్లో బంగారం మీద తెచ్చిన డబ్బు కలిపి డౌన్ పేమెంట్ కట్టాను. మిగతాది ఫైనాన్స్. ఆ బండిని ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీకి అటాచ్ చేసి తిప్పుతున్నాను. ఇప్పుడు ఆటోనగర్‌లో ఎక్కడ టీ తాగుతున్నా ఎవరో ఒక కుర్రాడు వచ్చి, "అన్నా, నేనూ బండి తీసుకుందామనుకుంటున్నా, ఏమంటావ్?" అని అడుగుతున్నాడు. ధైర్యంగా తీసుకోరా అని చెప్పాలని ఉంది. చెప్పలేకపోతున్నాను. ఎందుకో మీకు రాయాలనిపించింది.

జరిగిన మంచి ముందు చెప్పుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి లారీల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్‌లో ఏసీ ఉండి తీరాలని మీ శాఖే నిబంధన తెచ్చింది. మే నెలలో పల్నాడు మీదుగా, కింద ఇంజిన్ వేడి, పైన ఎండ భరిస్తూ లోడు తోలినవాడికి ఆ నిబంధన విలువ తెలుసు. అందుకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. బండి కొనడం మునుపటి కంటే తేలికైంది. కొన్న బండి ఏడాది తిరిగేసరికి ఫైనాన్స్ వాళ్ళ యార్డుకు చేరకుండా చూసుకోవడమే కష్టంగా ఉంది.

కొత్తగా బండి తీసుకున్నవాడు లోడ్లు దొరక్క దెబ్బతింటాడని బయటివాళ్ళు అనుకుంటారు. నేను చూసినంతలో లోడ్లు దొరుకుతూనే, బండి తిరుగుతూనే మునిగిపోయినవాళ్ళే ఎక్కువ. తోలిన లోడుకు డబ్బు చేతికి రాకపోవడం వల్ల మునిగారు.

మా లెక్క ఇలా ఉంటుంది. విశాఖ నుంచి హైదరాబాద్‌కు 600 కిలోమీటర్ల పైమాటే. లోడుతో లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చిందనుకుంటే 150 లీటర్ల డీజిల్ కావాలి. మా రాష్ట్రంలో రేటు ప్రకారం అదే 14 వేలు దాటుతుంది. టోల్ డబ్బు ఫాస్టాగ్‌లోంచి అక్కడికక్కడే పోతుంది. చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి దాటేసరికి ఫోన్‌కు వరసగా మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. నేషనల్ పర్మిట్‌కు ఏడాదికి 16,500. పెద్ద బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే 44 వేల దరిదాపు. క్వార్టర్లీ ట్యాక్సు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), టైర్లు వీటికి అదనం. వీటిలో ఏదీ అరువుకు రాదు. ఇక కిస్తీ సంగతి చెప్పక్కర్లేదు. తేదీ వచ్చిందంటే ఖాతాలో డబ్బు ఉన్నా లేకపోయినా బ్యాంకు తీసుకోవడానికి చూస్తుంది. లేకపోతే బౌన్స్ ఛార్జీ కూడా మన నెత్తినే.

వచ్చే డబ్బు సంగతికొస్తే, కిరాయిలో కొంత అడ్వాన్సు ఇస్తారు. మిగతాది సరుకు దిగాక, స్టాంపు, సంతకం ఉన్న ఎల్‌ఆర్ (లారీ రసీదు) కాపీ ఆఫీసులో ఇచ్చాక వస్తుంది. ఆ కాగితాన్ని వాన తగలకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, సీటు వెనక భద్రంగా తెచ్చి ఇస్తాం. అప్పుడు "పార్టీ (సరుకు పంపినవాళ్ళు) నుంచి బిల్లు ఇంకా పాస్ కాలేదు" అంటారు. నెల అంటారు, రెండు నెలలు అంటారు. గట్టిగా అడిగితే తర్వాతి లోడు ఇంకొకరికి వెళ్ళిపోతుంది. ఫ్యాక్టరీకి ట్రాన్స్‌పోర్టు కంపెనీ అరువిస్తోంది, ఆ కంపెనీకి మేం అరువిస్తున్నాం. మేం మాత్రం నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చి డీజిల్ కొట్టించుకుంటున్నాం. ఈ వరసలో అందరికంటే చిన్నవాడు ఒంటి లారీ ఓనరే. భారం మోస్తున్నదీ అతనే.

హాల్టింగ్, అంటే సరుకు దించకుండా బండిని ఆపి ఉంచడం, ఇంకో బాధ. కాకినాడ పోర్టుకు బియ్యం తోలినవాళ్ళను ఎవరినైనా అడగండి. వానపడితే అన్‌లోడింగ్ ఆపేస్తారు. అది న్యాయమే, బియ్యం తడవకూడదు. కానీ ఎన్ని రోజులు ఆగినా ఆ ఖర్చు లారీవాడిదే అవుతోంది. గేటు దగ్గర పుస్తకంలో మన బండి నంబరు, వచ్చిన టైము రాసుకుంటారు. ఆ పేజీ ఫొటో తీసుకోనివ్వరు. ఎల్‌ఆర్ మీద స్టాంపు పడేది సరుకు దిగిన తేదీతో. అంటే కాగితం ప్రకారం మనం అసలు ఆగనే లేదు. హాల్టింగ్ డబ్బు అడిగితే ప్రూఫ్ ఏదంటారు.

తరుగు పేరుతో కోతలు కూడా ఇలాగే ఉంటాయి. లోడింగ్ కాటాకూ అన్‌లోడింగ్ కాటాకూ కొద్ది కిలోల తేడా వచ్చినా, నాలుగు బస్తాలు చిరిగినా మన బ్యాలెన్స్‌లోంచే పోతుంది. సరుకు బాధ్యత దాని రవాణాకు ఒప్పుకున్న క్యారియర్‌దేనని 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం చెబుతోంది. ఆ చట్టంలో బ్రోకర్లు, బుకింగ్ కంపెనీలు కూడా క్యారియర్ కిందికే వస్తాయి, వాళ్ళు రిజిస్టర్ చేసుకోవాలి. గూడ్స్ రసీదు ఎలా ఉండాలో, నష్టపరిహారం ఎలా లెక్కకట్టాలో అందులో ఉంది. లారీ పెట్టినవాడికి కిరాయి ఎన్నాళ్ళలో ఇవ్వాలో మాత్రం లేదు.

మాకైతే ప్రతిదానికీ గడువుంది. ఈ-వే బిల్లు, అంటే సరుకు వెంట ఉండాల్సిన జీఎస్‌టీ ఆన్‌లైన్ పత్రం, మామూలు లోడుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున చెల్లుతుంది. టైరు పేలి ఆగినా ఆ గడువు పెంచుకోవడానికి పరుగెత్తాల్సిందే, లేకపోతే దారిలో ఆపి జరిమానా రాస్తారు. సరుకు చేర్చేవాడికి గడువు పెట్టినప్పుడు కిరాయి ఇచ్చేవాడికి కూడా గడువు పెట్టాలి కదా!

చిన్న పరిశ్రమల కోసం 2006లో తెచ్చిన ఎంఎస్‌ఎంఈ చట్టం ఉందని మీ అధికారులు చెప్పొచ్చు. నిజమే. రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలని, ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ ఇవ్వాలని అందులో ఉంది. చిన్న వ్యాపారాల కోసం ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకుంటే మేమూ దాని కిందికి వస్తాం. నేను చేసుకున్నాను, అడిగిన కుర్రాళ్ళందరికీ చేసుకోమనే చెబుతున్నాను. కానీ బకాయిల గొడవలు తేల్చడానికి ఆ చట్టం కింద ఉన్న కౌన్సిల్ ముందు ఫిర్యాదు చేయాలంటే చేతిలో ఒప్పందమో బిల్లో ఉండాలి. మా దగ్గర ఉండేది ఫోన్లో మాట్లాడుకున్న రేటు, మహా అయితే ఒక వాట్సాప్ మెసేజ్. పైగా లోడిచ్చే ఒకే ఒక్క కంపెనీ మీద కేసు వేసి, మర్నాడు లోడు కోసం ఎవరి గుమ్మం ఎక్కాలి?

లారీ ఓనర్ కిరాయికి గడువు పెట్టే నిబంధన వేరేచోట ఉంది. అమెరికాలో సొంత ట్రక్కును కంపెనీకి లీజుకిచ్చి నడుపుకునేవాళ్ళను ఓనర్ ఆపరేటర్లంటారు. అక్కడి ఫెడరల్ నిబంధనల ప్రకారం ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, ఏయే కోతలు పెడతారో అందులోనే రాయాలి, డెలివరీ కాగితాలు ఇచ్చిన 15 రోజుల్లోగా డబ్బు చెల్లించాలి. కిరాయిలో శాతం లెక్కన ఇచ్చే ఒప్పందమైతే సరుకు పార్టీకి వేసిన అసలు కిరాయి బిల్లు (ఫ్రైట్ బిల్లు) కాపీ కూడా చూపించాలి. అక్కడ పెద్ద పెద్ద ట్రాన్స్‌పోర్టు కంపెనీలు ఈ నిబంధనలకు లోబడే వ్యాపారం చేసుకుంటున్నాయి.

ఇది రోడ్డు భద్రతకు కూడా సంబంధించిన విషయం, అందుకే మీ శాఖకు రాస్తున్నాను. 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్‌లు వచ్చేదాకా అమల్లో ఉన్న 1961 చట్టం మోటారు రవాణా కార్మికులకు రోజుకు 8 గంటలే పని అని చెప్పింది. అది కూడా అయిదుగురు, అంతకు మించి పనివాళ్ళున్న సంస్థలకే. ఒక్క బండి పెట్టుకుని తనే నడుపుకునేవాడికి అది వర్తించలేదు. బ్యాలెన్స్ ఆగిపోయి, కిస్తీ తేదీ దగ్గరపడితే వాడు రెండో డ్రైవర్ని మానిపిస్తాడు, నిద్ర మానేస్తాడు. హైవే మీద తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల మధ్య కళ్ళు మూతలు పడుతూ బండి తోలే మనిషి మొండివాడు కాడు. ఇంకో నాలుగు వందల కిలోమీటర్లు తోలితే ఒక కొత్త అడ్వాన్సు వస్తుందని వెళ్తున్నాడు. ఓవర్‌లోడు సంగతీ అంతే. పట్టుబడితే 20 వేలు, ఆపైన టన్నుకు 2 వేలు జరిమానా అని తెలిసి కూడా ఎక్కించుకుంటున్నారు.

కాబట్టి నా విన్నపం ఒక్కటే. క్యారేజ్ బై రోడ్ నిబంధనల్లో లారీ ఓనర్ కిరాయి గురించి ఒక భాగం చేర్చండి. లోడు ఎక్కేముందే కిరాయి, అడ్వాన్సు, బ్యాలెన్స్ తేదీ, గంటల లెక్కన హాల్టింగ్ రేటు రాసి ఉన్న హైర్ స్లిప్ లారీవాడి చేతికి రావాలి. డెలివరీ కాగితం ఫోన్లో పంపినా చెల్లాలి, అది అందిన 15 రోజుల్లో బ్యాలెన్స్ పడాలి. కాటా చీటీ కాపీ ఇవ్వకుండా తరుగు కోయకూడదు. పదే పదే ఎగ్గొట్టే కంపెనీ క్యారియర్ రిజిస్ట్రేషన్ ఆపే అధికారం ఉండాలి, ఫిర్యాదు చేసినవాడి పేరు బయటికి రాకూడదు. బండి ఎప్పుడు వచ్చిందో తేల్చడం కూడా కష్టం కాదు. ఈ-వే బిల్లులో మా బండి నంబరు ఉంది, టోల్ గేటు దాటిన టైము ఫాస్టాగ్‌లో ఉంది, ఆ రెండు వ్యవస్థలనూ ప్రభుత్వం ఇప్పటికే కలిపింది. పన్ను ఎగవేత పట్టుకోవడానికి వాడుతున్న ఆ సమాచారాన్నే హాల్టింగ్ లెక్కకు కూడా వాడుకోనివ్వండి.

నిబంధన మార్చేముందు మీ శాఖ ముసాయిదా ప్రచురించి అభ్యంతరాలు, సూచనలు అడుగుతుంది. ఈసారి ఆ ముసాయిదా తెలుగులో కూడా వేయించండి, మా సూచనలు తెలుగులోనే తీసుకోండి. ఆటోనగర్‌లో, గాజువాకలో, తాడిపత్రి, జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీల గేట్ల దగ్గర ఆగి ఉన్న లారీల్లోంచే మీకు సూచనలు వస్తాయి.

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక ఓనర్ కమ్ డ్రైవర్