ఆ మాస్కు ఎవరింటి నుంచి వచ్చింది?

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇంటి అలంకరణ మీద వచ్చిన వ్యాసం చదివాను. హాల్లో ఆఫ్రికన్ మాస్కు తగిలిస్తే గదికి కళ వస్తుందట, కొనేముందు ఒరిజినలో కాదో చూసుకోవాలట. అంతటితో వదిలేశారు. నేను పద్నాలుగేళ్లుగా లండన్‌లో ఆ సరుకే అమ్ముకుని బతుకుతున్నాను. ఉన్నది ఒక గది, ఒక కిటికీ, గ్యాలరీ అనేది బోర్డు మీద మాట. ఉండబట్టలేక రాస్తున్నాను.

మా వ్యాపారంలో ఒరిజినల్ అంటే ఆ ఊరివాళ్లు తమ కోసం చేసుకుని, తమ తంతుల్లో వాడుకున్నది అని అర్థం. అమ్మకానికి చెక్కింది ఎంత బాగున్నా ఆ లెక్కలోకి రాదు. అందుకే మాస్కు చేతికి రాగానే తిప్పి వెనక వైపు చూస్తాను. నుదురు, ముక్కు ఆనే చోట చెమటకీ నూనెకీ చెక్క నల్లబడి నునుపెక్కి ఉండాలి, అంచున నార కట్టే రంధ్రాలు రాపిడికి ఒకవైపు సాగి ఉండాలి. నకిలీవాళ్లు బయట టీ డికాక్షన్ పూస్తారు, పొగ పెడతారు, చెదపుట్టలో పాతిపెడతారు, లోపల మాత్రం ఉలి గాట్లు నిన్న చెక్కినట్టే ఉంటాయి. (ఇది వాళ్లకీ తెలిసిపోయింది లెండి, ఇప్పుడు లోపల కూడా గరుకు కాగితం కొడుతున్నారు.)

సరే, ఒరిజినలే అని తేలింది. వాళ్ల తంతులో ఉన్నది మన గోడ మీదికి ఎలా వచ్చింది?

షాపు పెట్టిన రెండో ఏడు నేనొక నిలువు కొయ్య కొన్నాను. మనిషెత్తు, పైన గుండ్రటి తల, ఒళ్లంతా త్రికోణాల చెక్కడం. కెన్యా తీరంలో మిజికెండా ప్రజలు గోహు సంఘంలోని పెద్దలు పోతే వాళ్ల పేరిట నాటుతారు, కిగాంగో అంటారు. నాటాక కదపకూడదు, కదిపితే ఇంటికి కీడు. మన పొలిమేరలో వీరగల్లు లాంటిదనుకోండి. ఇవన్నీ తెలిసే కొన్నాను. వదిలేసిన ఊరిదని అమ్మినవాడు చెప్పాడు, నమ్మితే నాకే లాభం కాబట్టి నమ్మాను. ఎనిమిది నెలలు కిటికీ పక్కన నిలబెట్టాక ఒకరోజు దుమ్ము తుడుస్తుంటే అడుగున రంపం కోత కనబడింది, తాజాది. వదిలేసిన ఊళ్లో పడి ఉన్న కొయ్యకి రంపంతో పనేంటి? ఇక అమ్మలేదు. వెనక్కి పంపడానికి మాత్రం రెండేళ్లు పట్టింది, ఏ ఇంటిదో చెప్పే కాగితం ముక్క లేదు మరి. అమెరికాలోని డెన్వర్ మ్యూజియం అంతటిది 2014లో ఇలాంటివి 30 ఇచ్చేస్తామంటే అవి కెన్యా చేరేసరికి 2019 అయింది.

2022లో ఫ్రాన్స్‌లో, మధ్య ఆఫ్రికా దేశం గాబన్‌లోని ఫాంగ్ ప్రజల మాస్కు ఒకటి వేలంలో 42 లక్షల యూరోలు పలికింది. అంతకుముందు ఒక ముసలి దంపతులు దాన్ని 150 యూరోలకి అమ్ముకున్నారని, మోసపోయారని పేపర్లన్నీ రాశాయి. అదే హాల్లో గాబన్ వాళ్లు లేచి 'అది మాది' అని అరిచిన సంగతి చాలామందికి గుర్తే లేదు.

ఆఫ్రికా గోల మనకెందుకంటారా? ప్రకాశం జిల్లా చందవరం నుంచి దొంగలు ఎత్తుకుపోయిన బౌద్ధ శిల్పాన్ని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2005లో డబ్బు పోసి కొంది, 2016లో మనకి తిరిగిచ్చింది. అదీ ఒరిజినలే.

ఇంకో మాట, ఆఫ్రికా కళనంతా 'ఆదిమ జాతుల కళ' అని రాశారు. ఇప్పటి నైజీరియాలో ఉన్న బెనిన్ రాజ్యంలో, రాజు కొలువులో ఇత్తడి పోత పోసినవాళ్లది ఆదిమం ఏంటండీ, మన ఆదిలాబాద్ ఓజాల మైనపు పోత పనే అది! 1897లో ఇంగ్లీషు సైన్యం ఆ కోటని దోచి వాటిని ఇక్కడికి తెచ్చింది.

కాబట్టి కొనేవాళ్లు పాత బిల్లు, పాత ఫొటో, వేలం చీటీ ఏదో ఒకటి చూపించమని అడగాలి. ఇలాంటి వస్తువుల దొంగరవాణాని ఆపాలన్న 1970 యునెస్కో ఒప్పందానికి ముందే ఆ దేశం దాటినట్టు ఆధారం ఉందా అని అడగాలి. నసిగితే లేచి వచ్చేయడమే. టాంజానియాలో దార్ ఎస్ సలామ్‌లో ఉద్యోగాలు చేసే మనవాళ్లయితే మ్వెంగె బజారుకి వెళ్లి అక్కడి మకొండే ప్రజలు కొత్తగా చెక్కిన కొయ్య బొమ్మ కొనుక్కోండి, చెక్కినవాడి పేరు కూడా రాయించుకోండి, కొత్తదని నామోషీ ఏం లేదు.

మీ వ్యాసంలో వేసిన మాస్కుకి వెనక వైపు ఫొటో ఉంటే పంపించండి, చూసి చెబుతాను.

ఇట్లు,
మీ పాఠకుడు, లండన్